క్రాస్ గొర్రెల వీపు ఉన్ని దానంతటదే ఊడిపోతోంది, కత్తెర లేకుండా తీసుకోవచ్చా?

కూడేరు_మంద (అనంతపురం)
అందరికీ నమస్కారం. మా మందలో సగం అచ్చం నెల్లూరు జోడిపి. మిగతావి మా నాన్న కాలం నాటి బళ్లారి, దక్కని గొర్రెల సంతతి, జోడిపి పొట్టేలుకు పుట్టినవి. జోడిపికి ఎలాగూ ఉన్ని ఉండదు, వెంట్రుకే. ఈ క్రాస్ వాటికి మాత్రం పొట్ట, కాళ్లు నున్నగా ఉండి, భుజాల మీద, వీపు మీద ఉన్ని పెరుగుతుంది. ఉగాది దాటిందంటే అది పేలికలుగా లేచి, మేతకు తోలిన చోటల్లా కంపచెట్లకు చిక్కుకుని వేలాడుతోంది. బొచ్చు కత్తిరించేవాళ్లు మా పక్క రావడం మానేశారు. వచ్చినా ఆ ఉన్ని అమ్మితే వాళ్ల కూలికి చాలదు.

బయటి దేశాల్లో కత్తెర పెట్టకుండా చేత్తో లాగి తీస్తారని ఒక వీడియోలో చూశాను. మన గొర్రెలకు అది కుదురుతుందా? గొర్రెకు నొప్పి పుట్టదా? తీసినా దాన్ని ఏం చేసుకోవాలి?

ఆలూరు_అన్న (కర్నూలు)
తమ్ముడూ, ఉన్ని సంగతి తర్వాత. ముందు దాని చర్మం చూడు. గోడకు, చెట్టుకు రుద్దుకుంటోందా? పళ్లతో పక్కలు కొరుక్కుంటోందా? అయితే అది గజ్జి. మా ఊళ్లో ఒకాయన "కాలం మారింది, ఉన్ని రాలుతోంది" అనుకుని ఊరుకున్నాడు, మందంతా అంటుకుంది.

కూడేరు_మంద
రుద్దుకోవడం లేదన్నా. మేత బాగానే తింటున్నాయి. ఊడిన చోట కింద సన్నగా కొత్త వెంట్రుక కనిపిస్తోంది.

పశువైద్యం_కడప
ఆలూరు అన్న చెప్పింది సరైన వరస. ఊడటానికి కారణాలు చాలా ఉంటాయి, అన్నీ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి.

గజ్జి, పేలు ఉంటే సాధారణంగా దురద ఉంటుంది. చర్మం ఎర్రబడి, పొక్కులు కట్టి, మందంగా అవుతుంది. ఊడిన మచ్చలు ఒక వరస లేకుండా ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఇలాంటిది కనిపిస్తే పశువుల ఆసుపత్రిలో చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూపించాలి. గజ్జికి వేసే ఐవర్‌మెక్టిన్ సూది వేయించుకుంటే, ఆ తర్వాత ఎన్ని రోజుల వరకు మాంసానికి అమ్మకూడదో కూడా డాక్టరునే అడగండి. ఆ ప్రశ్న చాలామంది అడగరు.

రెండోది జ్వరం. నీలినాలుక వంటి పెద్ద జబ్బు నుంచి కోలుకున్న గొర్రెకు కొన్ని వారాల తర్వాత ఉన్ని కుప్పగా ఊడుతుంది. జ్వరం వచ్చిన రోజుల్లో వెంట్రుక పెరుగుదల ఆగి, ఆ చోట పోగు సన్నబడి తెగుతుంది. ఎండాకాలంలో మేత లేక చిక్కినా, ఈని పాలిస్తున్న గొర్రెకు తిండి చాలకపోయినా ఇదే జరుగుతుంది.

మూడోది పుట్టుకతో వచ్చిన గుణం. దురద లేదు, మేత తింటోంది, చర్మం శుభ్రంగా ఉంది, కింద కొత్త వెంట్రుక వస్తోంది అంటున్నారు కాబట్టి మీది ఈ మూడోదే కావచ్చు. అయినా రెండు మూడింటిని పట్టుకుని ఉన్ని పాయలుగా విడదీసి చర్మం దాకా చూడండి.

ఉన్నిపని (అనంతపురం టౌన్)
హమ్మయ్య, ఇన్నాళ్లకు ఈ టాపిక్ ఎవరో ఎత్తారు. నేను చేత్తో ఉన్ని వడుకుతాను, ఫెల్ట్ (ఉన్నిని తడిపి రుద్ది చేసే అట్ట) బొమ్మలు, చెప్పుల లోపలి అట్టలు చేస్తాను. కూడేరు తమ్ముడు చూసిన పద్ధతిని స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో 'రూయింగ్' అంటారు. షెట్లాండ్ గొర్రె, సోయ్ గొర్రె లాంటి పాత రకాలకు ఏటా ఎండాకాలం మొదట్లో పాత ఉన్ని వదులైపోతుంది, కింద నుంచి కొత్తది తోసుకొస్తుంది. ఆ రెండింటి మధ్య సన్నబడిన చోట పట్టి లాగితే పాతది చాపలా లేచి వస్తుంది. కొత్త పెరుగుదల ఒంటి మీదే ఉండిపోతుంది.

సోయ్ గొర్రెలు సెయింట్ కిల్డా అనే దీవుల గుంపులోవి. అక్కడి జనం ఆ ఉన్నిని అలాగే తీసి బట్ట నేసేవారు. 1930 ఆగస్టులో చివరి కుటుంబాలు ఆ దీవులు వదిలి వెళ్లిపోయాయి, గొర్రెలు మాత్రం అడవి మందల్లా ఉండిపోయాయి. వాటిని ఇప్పుడు కత్తిరించేవాళ్లూ లేరు, లాగేవాళ్లూ లేరు. ఉన్ని దానంతటదే రాలి గడ్డిలో పడుతుంది.

నొప్పి గురించి: సమయానికి లాగితే గొర్రె పెద్దగా కదలదు. గింజుకుందంటే ఉన్ని ఇంకా పట్టు వదల్లేదని అర్థం. ఆపేయాలి. ఇందులో నేర్చుకోవాల్సిన విద్యంతా ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడమే.

బెంగళూరు_టు_హిందూపురం
అసలు ఈ తలనొప్పి ఎందుకు? ప్రపంచం మొత్తం ఉన్ని రాల్చే రకాలకు మారిపోతోంది. దక్షిణాఫ్రికా డార్పర్, అమెరికా కటాడిన్ గొర్రెలు తెచ్చుకుంటే కత్తిరింపు లేదు, మాంసం ఎక్కువ. నేను జాబ్ వదిలి ఇదే మొదలుపెడదామనుకుంటున్నా.

ఆలూరు_అన్న
తమ్ముడూ, ఉన్ని కత్తిరించాల్సిన పని లేని గొర్రె కావాలంటే దక్షిణాఫ్రికా దాకా పోవాలా? నెల్లూరు పల్ల, జోడిపి, దొర... ఇవి ఏంటి మరి? ఎత్తులో మన దేశంలో నెల్లూరు గొర్రెను మించినది లేదు. మన ఎండ, మన కంప, మన నీటి ఎద్దడి అన్నీ దానికి తెలుసు.

పశువైద్యం_కడప
డార్పర్ 1930ల్లో దక్షిణాఫ్రికాలో డార్సెట్ హార్న్‌ను నల్లతల పర్షియన్ గొర్రెతో కలిపి తయారు చేసినది. బ్రిటన్‌లో కూడా ఉన్ని ధర కత్తిరింపు కూలికి రాక, విల్ట్‌షైర్ హార్న్ అనే ఉన్ని రాల్చే పాత రకాన్ని వెల్ష్ కొండ గొర్రెతో కలిపి 'ఈజీకేర్' అని పెంచుతున్నారు. వాళ్లు అంత కష్టపడి చేరుకున్న చోట నెల్లూరు గొర్రె ఎప్పటినుంచో ఉంది.

ఇంకో మాట. ఈ కొత్త రకాలు ఉన్ని రాలుస్తాయి గానీ, రాలిన ఉన్ని వడకడానికి పనికిరాదు. పొట్టి పోగు, మొరటు వెంట్రుక కలిసిపోయి ఉంటాయి. షెట్లాండ్ గొర్రె సంగతి వేరు, అది మెత్తటి ఉన్ని ఇస్తూ దాన్ని వదిలేస్తుంది కూడా. 'రాల్చే గొర్రె' అంటే ఈ రెండూ వస్తాయి. తమ్ముడు ఏది కొంటున్నాడో తెలుసుకుని కొనాలి. ఇంటర్నెట్‌లో డార్పర్ క్రాస్ అని లక్షలు చెప్పేవాళ్ల దగ్గర మరీనూ.

కల్యాణదుర్గం_మనవడు
మా తాత పక్కన కూర్చుని చెప్తున్నాడు, నేను టైప్ చేస్తున్నా. మాది కురుబల ఇల్లు. తాత మాటలు:

"నల్ల గొర్రె ఉన్ని ఏడాదికి రెండుసార్లు కత్తిరించేవాళ్లం. వంకలో నీళ్లుంటే ముందు గొర్రెను కడిగి, ఆరినాక కత్తెర పెట్టేవాళ్లం. ఆడవాళ్లు ఏకి, వడికి పెడితే మగ్గం మీద గొంగడి. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తే పోగు బిగుసుకుంటుంది. ఆ గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, మధ్యాన్నం పరుపు. మీరు చెప్పే క్రాసు గొర్రె బొచ్చుతో గొంగడి కాదు నాయనా. అందులో ఉన్ని కన్నా వెంట్రుకే ఎక్కువ. వడికితే పోగు నిలవదు, గుచ్చుకుంటుంది."

ఇప్పుడు మా ఇంట్లో మగ్గం లేదు. గొంగడి కావాలంటే కర్ణాటకలో చళ్లకెర వైపు పోయి తెచ్చుకుంటున్నాం.

ఉన్నిపని
తాతగారికి నమస్కారం చెప్పు తమ్ముడూ. గొంగడి విషయంలో ఆయన మాటకు ఎదురు లేదు. ఆ మొరటు, పెళుసు వెంట్రుకను ఇంగ్లీషువాళ్లు 'కెంప్' అంటారు, రంగు కూడా సరిగ్గా పట్టదు. గొర్రె ఏ రకమైనా కెంప్ తనంతట తాను రాలిపోతూనే ఉంటుంది. అయితే చేత్తో లాగడానికి ఒక లాభం ఉంది. కత్తెర చర్మం దగ్గర ఉన్నవన్నీ ఒకే గీతలో కోసేస్తుంది. చేయి మాత్రం వదులైనదాన్నే తెస్తుంది. పైగా కోసిన మొన ఉండదు కాబట్టి తాకితే మెత్తగా అనిపిస్తుంది. ఒకే చోట రెండుసార్లు కత్తెర పడితే వచ్చే పొట్టి ముక్కల బెడద కూడా ఉండదు.

చీనీతోట_నార్పల
నాకో డౌటు. షెట్లాండ్‌లో అన్ని గొర్రెలకూ ఒకేసారి వదులవుతుందంటున్నారు. మా పక్క మందలో ఒకటి ఫిబ్రవరిలో రాలిస్తే ఇంకోటి జూన్‌లో రాలుస్తుంది. ఎందుకలా?

పశువైద్యం_కడప
మంచి ప్రశ్న, దీనికి కొంచెం పెద్ద జవాబు కావాలి.

అడవి గొర్రెలన్నీ ఏటా ఒంటిబొచ్చు మార్చుకునేవే. మనుషులు మచ్చిక చేసుకుని, ఉన్ని కోసం తరాల తరబడి ఏరి ఏరి పెంచితే, ఆగకుండా పెరిగే మెరినో లాంటి రకాలు వచ్చాయి. మెరినోను కత్తిరించకపోతే ఉన్ని పెరుగుతూనే పోతుంది, అది రాల్చలేదు. వెంట్రుకల గొర్రెకు, ఉన్ని గొర్రెకు మధ్య తేడాలో ఒక జన్యువు చివరి భాగంలో చొరబడిన చిన్న ముక్క పాత్ర ఉందని 2017లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. మీ క్రాస్ గొర్రెల్లో రెండు వైపుల గుణాలూ కలిసి ఉన్నాయి. అందుకే వీపు మీద ఉన్ని, పొట్ట మీద వెంట్రుక.

ఇక సమయం. పాత రకాల్లో ఉన్ని ఎప్పుడు వదలాలో చెప్పేది పగటి పొడవు. చలికాలం పోయి పగలు పెరిగే కొద్దీ ప్రొలాక్టిన్ హార్మోన్ పెరుగుతుంది, ఆగిపోయి ఉన్న వెంట్రుక కుదుళ్లు మళ్లీ పని మొదలుపెట్టి పాతదాన్ని వదిలేస్తాయి. షెట్లాండ్‌లో ఎండాకాలపు పెద్ద పగలు దాదాపు 19 గంటలు, చలికాలపు చిన్న పగలు 6 గంటల లోపే. అనంతపురంలో పెద్దది సుమారు 13 గంటలు, చిన్నది 11 గంటల మీద కొంచెం. అంత తేడా ఉన్నచోట మందంతా ఒకే కబురు అందుకుంటుంది. మన దగ్గర ఆ కబురు బలహీనం. కాబట్టి మేత, ఈనడం, జ్వరం, వయసు ఇవన్నీ కలిసి ఒక్కో గొర్రెకు ఒక్కో తేదీ పెడతాయి. మంద మొత్తాన్ని ఒక రోజున కూర్చోబెట్టి తీయడం ఇక్కడ కుదిరే పని కాదు.

కూడేరు_మంద
డాక్టరు గారూ, ఇది మా మందలో కళ్లారా చూస్తున్నదే. ఈనినవి ముందు రాలుస్తున్నాయి, గొడ్డువి తర్వాత. పొట్టేళ్లవి చాలా ఆలస్యం.

బెంగళూరు_టు_హిందూపురం
ఒక ఇంటరెస్టింగ్ విషయం చదివా. పాతకాలం రోమన్లు ఉన్ని లాగే ముందు గొర్రెలకు మూడు రోజులు తిండి పెట్టేవాళ్లు కాదట, నీరసంగా ఉంటే ఉన్ని తేలిగ్గా వస్తుందని. ట్రై చేయొచ్చా?

పశువైద్యం_కడప
వద్దు బాబూ. రాసినవాడు వర్రో, రెండు వేల ఏళ్ల కిందటి మనిషి. కత్తెరలు రాకముందు అందరూ లాగేవారనీ, తన కాలంలో కూడా కొందరు లాగుతున్నారనీ, వాళ్లు మూడు రోజులు పస్తు పెడతారనీ రాశాడు. తిండి చాలని గొర్రెకు ఉన్ని పోగు సన్నబడుతుందన్నది వాస్తవమే, ఇందాక చెప్పిన జ్వరం సంగతి లాంటిదే. కానీ ఏప్రిల్‌లో మన ఎండలో చూడి గొర్రెను మూడు రోజులు పస్తు పెడితే ఉన్నితో పాటు గొర్రె కూడా పోతుంది. కడుపులో పిల్లలున్న గొర్రెకు తిండి ఆగితే ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు రక్తంలో పెరిగి పడిపోతుంది.

మందుతో రాల్పించే పద్ధతి కూడా ఒకటి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఈజీఎఫ్ అనే ప్రొటీన్ సూది వేస్తే వెంట్రుక పెరుగుదల కొద్ది రోజులు ఆగి, ఆ చోట పోగు తెగుతుంది. రాలేది నేల మీద పడకుండా గొర్రెకు ముందే వల చొక్కా తొడిగి, కొన్ని వారాల తర్వాత చొక్కాతో సహా ఉన్ని తీసేవారు. 1990ల్లో 'బయోక్లిప్' పేరుతో అమ్మకానికి తెచ్చారు. గొర్రె గొర్రెకూ సూది, చొక్కా, రెండుసార్లు పట్టుకోవడం. ఖర్చు లెక్క మీరే వేసుకోండి.

ఆలూరు_అన్న
గొర్రెకు చొక్కా! మా ఊళ్లో చెప్తే నన్ను సంతలో నడవనివ్వరు.

ఉన్నిపని
సరే, తమ్ముడు చేయాలనుకుంటే ఇలా చేసి చూడమంటాను.

పొద్దున్నే, మంచు తడి ఆరినాక, ఎండ ముదరక ముందు. నేల మీద పాత చీర గానీ పట్ట గానీ పరవండి. గొర్రెను పడేయాల్సిన పని లేదు, ఒకరు తల పట్టుకుంటే చాలు. మెడ, భుజాల దగ్గర సాధారణంగా ముందు వదులవుతుంది, అక్కడ మొదలుపెట్టండి. గుప్పెడు పట్టి పైకి గుంజకండి. ఒక చేయి చర్మం మీద అదిమి ఉంచి, రెండో చేత్తో చిన్న పాయను మొదట్లో పట్టి, వెంట్రుక వాలిన వైపు నెమ్మదిగా జరపండి. వస్తే వచ్చింది. రాకపోతే ఆ చోటు వదిలేసి ముందుకు పోండి, వారం తర్వాత మళ్లీ చూడండి.

కింద కొత్త వెంట్రుక కనీసం గోరంత మందం లేకపోతే అసలు ముట్టొద్దు. బోడి చర్మం మీద మన ఎండ పడితే కాలిపోతుంది, గీరుకున్న చోట ఈగ వాలి పురుగులు పడతాయి.

తీసింది తీసినట్టే మూడు కుప్పలు చేయండి. మెడ, భుజాలవి ఒకటి. వీపు, పక్కలవి ఒకటి. పెంట అంటినవి, పల్లేరు కాయలు చిక్కినవి ఒకటి. ఒకసారి కలిపేస్తే మళ్లీ ఎవరూ ఏరలేరు. తడిగా ఉంటే ఆరబెట్టి, గోనె సంచిలో గానీ గుడ్డ సంచిలో గానీ పెట్టండి, ప్లాస్టిక్ వద్దు. వేపాకు కూడా వేయండి, ఉన్ని పురుగు రాకుండా మనవాళ్లు వేసేదే.

కడగడం నాకు వదిలేయండి. మీరే కడుక్కుంటే గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం, నానబెట్టి ఎత్తడం అంతే. వేడినీళ్లు పోసి బట్టలు ఉతికినట్టు పిసికితే అట్ట కట్టేస్తుంది. ఫెల్ట్ కావాల్సినవాళ్లు కావాలని చేసేది అదే అనుకోండి. రాజస్థాన్ టోంక్‌లో నమ్దాలు (ఉన్ని అట్ట తివాచీలు) తయారయ్యేది తడి, సబ్బు, రాపిడితోనే.

పశువైద్యం_కడప
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. చచ్చిన గొర్రె ఉన్ని ముట్టుకోకండి. ముఖ్యంగా ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో మలద్వారం నుంచో నల్లటి రక్తం కారినదాన్ని. అది ఆంత్రాక్స్ కావచ్చు, మనవాళ్లు దొమ్మ రోగం అంటారు. రాయలసీమకు కొత్త జబ్బేమీ కాదు. దాని బీజాలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి, ఉన్నిలో కూడా. ఇంగ్లండు మిల్లుల్లో ఉన్ని వేరుచేసే కూలీలు ఊపిరితిత్తులకు ఇది సోకి చనిపోయేవారు, అక్కడ ఆ జబ్బుకు వాళ్ల పనిపేరే పెట్టారు. అలాంటి గొర్రెను కోయకుండా, చర్మం ఒలవకుండా ఆసుపత్రికి కబురు చేయాలి.

బతికున్న వాటిని తీసేటప్పుడు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోండి, దుమ్ము మామూలుగా ఉండదు.

చీనీతోట_నార్పల
ఆ మూడో కుప్ప, పెంట అంటినది, పారేయకండి. నాకు ఇవ్వండి. చీనీ (బత్తాయి) చెట్ల పాదుల్లో పరిచి పైన మట్టి కప్పుతున్నాను. ఉన్నిలో నత్రజని, గంధకం ఉంటాయి, నెమ్మదిగా కుళ్లుతుంది కాబట్టి నెలల తరబడి అందుతాయి. నీళ్లు పట్టి ఉంచుతుంది కూడా. డ్రిప్పు నీళ్లు లెక్కపెట్టుకుని వదిలే మాలాంటివాళ్లకు అది తక్కువ సంగతి కాదు. మట్టి కప్పకుండా పైన వదిలేస్తే మాత్రం గాలికి పక్కతోట పాలవుతుంది, కుక్కలు లాక్కుపోతాయి.

మందను పొలంలో పెట్టించుకున్నందుకు డబ్బులిస్తాం కదా, ఇది కూడా ఆ లెక్కలో చూస్తా.

కల్యాణదుర్గం_మనవడు
తాత నవ్వుతున్నాడు. "గొర్రె పెంటకు ధర, మూత్రానికి ధర, బొచ్చుకు లేకపోయె" అంటున్నాడు.

కూడేరు_మంద
అప్‌డేట్ ఇస్తున్నా. ముందు చర్మాలు చూశాను. రెండు గొర్రెలకు తోక దగ్గర పొక్కులున్నాయి, వాటిని వేరే దొడ్డిలో కట్టి డాక్టరుకు చూపించాను, మందు వేశారు. వాటి ఉన్ని ముట్టుకోలేదు.

మిగతావాటిలో వదులైన వాటినే ఎంచి తీశాం. మా అమ్మకు చేయి బాగా కుదిరింది, నాకంటే రెండింతలు వేగం. ముసలి గొర్రెలు నిలబడి నెమరేస్తూ తీయించుకున్నాయి. పడుచువి కొన్ని వీపు నడిమి దాకా వచ్చి, ఆ తర్వాత బిగిసిపోయాయి, అక్క చెప్పినట్టు వదిలేశాను. ఇప్పుడవి సగం గీసిన గడ్డంలా ఉన్నాయి, ఊళ్లో అందరూ నవ్వుతున్నారు. ఒక్కో గొర్రెకు వచ్చింది చాలా తక్కువ, గుప్పెళ్లలో చెప్పుకోవాల్సిందే. మెడ ఉన్ని మాత్రం నిజంగా మెత్తగా ఉంది. ఇన్నేళ్లు మంద మేపుతూ ఆ తేడా గమనించలేదు.

ఆలూరు_అన్న
డబ్బులెక్క చెప్పు తమ్ముడూ.

కూడేరు_మంద
కూలి పెట్టి చేయిస్తే నష్టమే అన్నా. పొద్దున మంద తోలే ముందు ఇంట్లోవాళ్లం గంటసేపు చేస్తే ఖర్చు లేదు. కంపకు పోయేది సంచిలోకి వస్తోంది, అంతవరకే. దీని కోసం గొర్రెను ఎంచుకునే ప్రసక్తే లేదు, పొట్టేలు జోడిపిదే ఉంటుంది. ఆ లెక్కన మరో రెండు మూడు తరాల్లో వీపు మీద ఉన్ని కూడా ఉండదేమో.

పశువైద్యం_కడప
అలాగే జరుగుతుంది. అందుకే పాత దక్కని, బళ్లారి ఆడ గొర్రెలు ఏమైనా మిగిలుంటే రెండు మూడింటినైనా వాటి జాతి పొట్టేలుకే కట్టించండి. క్రాస్‌లో ఉన్ని పోవడం నష్టం కాదు. అచ్చమైన నల్ల గొర్రె మందలోంచే పోతే తాతగారు చెప్పిన గొంగడికి ఉన్ని ఎక్కడిది?

కల్యాణదుర్గం_మనవడు
తాత అడుగుతున్నాడు: నల్ల గొర్రెలు ఎన్ని ఉన్నాయి, అమ్ముతారా?

కూడేరు_మంద
అమ్మను పెద్దాయనా. పొట్టేలు ఉంటే మాత్రం తోలుకురండి, మాట్లాడుకుందాం.

ఉన్నిపని
తమ్ముడూ, మెడ, భుజాల కుప్ప నాకు కావాలి. వీపుది కూడా సగం పంపు, అట్టలకు పనికొస్తుంది. ధర చూసి చెప్తా, మరీ ఆశ పెట్టుకోకు. బస్సు పార్శిల్‌లో వేసేటప్పుడు సంచి మీద ఏది ఏ కుప్పో రాసి పంపు.

చీనీతోట_నార్పల
మూడో సంచికి నేనే బైక్ మీద వస్తా, ఆదివారం.